లేని లోకాల్లో మన వంటిల్లు

మనలో చదివే అలవాటున్న ఆడవాళ్ళని ఎవరినైనా అడిగి చూడండి. ఇష్టమైన పుస్తకాలేవంటే కుటుంబ కథలు అంటారు, ప్రేమ నవలలు అంటారు, కాస్త ధైర్యవంతులైతే సస్పెన్స్ అంటారు. "నాకు మాంత్రికుల కథలిష్టం, వేరే గ్రహాల మీద జరిగే నవలలిష్టం" అని చెప్పేవాళ్ళు ఎంతమంది ఉంటారు? ఒకవేళ ఉన్నా పైకి చెప్పరు. అవి మగపిల్లల పుస్తకాలని, చిన్నపిల్లల పుస్తకాలని ఎప్పుడో ఎవరో ముద్ర వేసేశారు మరి!

నేను మాత్రం చెప్పేస్తాను. నాకవే ఇష్టం. పొద్దున అందరి టిఫిన్ డబ్బాలూ సర్ది పంపి, వంటిల్లు కడిగి, పంపు వచ్చే రోజైతే డ్రమ్ములు నింపుకొని, మధ్యాహ్నం రెండింటికి ఓ గంట దొరుకుతుంది. ఆ గంటలో నేను జల్‌పల్లిలో ఉండను. మంచు తప్ప మరేమీ లేని గ్రహం మీద ఉంటాను. రెండు వందల ఏళ్ళ వెనక్కి వెళ్ళొస్తాను. మూడున్నరకి పిల్లల ఆటో హారన్ వినబడగానే దిగివస్తాను.

"లేనిపోనివి చదివితే ఏమొస్తదే?" అని మా అత్తయ్య ఎన్నోసార్లు అడిగింది. ఆవిడ ఎగతాళికి అనలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఈ ఏడాది నేను చదివినవీ, మళ్ళీ తిరగేసినవీ కలిపి అరడజనుకు పైనే ఉన్నాయి. వాటిని మీ ముందు పెట్టి, ఆవిడ ప్రశ్నకి నాకు తోచిన జవాబు చెబుతాను. సరిగ్గా ఉందో లేదో మీరే తేల్చండి.

గుర్రమెక్కేది ఎవరు?

నా తరం వాళ్ళకి ఈ పిచ్చి అంటించింది 'చందమామ'. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టిన ఆ పత్రికలో సీరియల్స్ కోసం ఇంట్లో పిల్లలం కొట్టుకునేవాళ్ళం. 'తోకచుక్క', 'ముగ్గురు మాంత్రికులు', 'రాకాసిలోయ', 'శిథిలాలయం', 'యక్షపర్వతం'... ఇవన్నీ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారు 1952 నుంచి ఐదు దశాబ్దాలకు పైగా ఆ పత్రికలో పనిచేసి 2010లో కన్నుమూశారు. అన్నేళ్ళు అంతమంది పిల్లల్ని ఊపిరి బిగబట్టి చదివించిన మనిషి పేరు నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు.

ఆ కథలు ఇప్పుడు చదివినా పేజీ తిప్పకుండా ఉండలేం. కానీ ఇప్పుడు చదువుతుంటే ఒక విషయం కంట్లో నలుసులా గుచ్చుకుంటోంది. శిఖిముఖి, విక్రమకేసరి... ఖడ్గవర్మ, జీవదత్తుడు... పింగళుడు... అందరూ మగవాళ్ళే. అడవిలో దారి తప్పేదీ వాళ్ళే, దారి కనిపెట్టేదీ వాళ్ళే. సినిమాకి వస్తే 'పాతాళభైరవి' (1951) చూడండి. కాశీమజిలీ కథల్లోంచి పుట్టిన ఎంత చక్కటి సినిమా! అయినా రాకుమారి పని ఏమిటి? ఒకసారి ఎత్తుకుపోబడటం, ఆ తర్వాత తిరిగి తీసుకురాబడటం.

చిన్నప్పుడు నాకీ బాధ లేదు. నేను శుభ్రంగా శిఖిముఖిని అయిపోయేదాన్ని. ఆడపిల్లలకి ఈ విద్య పుట్టుకతో వస్తుంది. హీరో ఎవరైనా వాడి చెప్పుల్లో కాళ్ళు పెట్టేసి నడిచేస్తాం. కానీ ఏ మగపిల్లవాడైనా రాకుమారిని తనే అనుకుని చదివాడా? సందేహమే.

ద్రౌపది ఎప్పుడు తినాలి?

మన పురాణాల్లో మహిమలకి తక్కువేం లేదు. అక్షయపాత్ర సంగతే తీసుకోండి. అరణ్యవాసంలో ధర్మరాజు సూర్యుణ్ణి ప్రార్థిస్తే ఆయన ఇచ్చిన పాత్ర అది. ఎంతమంది అతిథులొచ్చినా, ఎన్ని రకాల వంటకాలు కావాలన్నా తరగదు. అయితే ఒక్క షరతు. ద్రౌపది భోంచేశాక ఆ పూటకి పాత్ర ఖాళీ! అందుకే ఆవిడ అందరికన్నా ఆఖరున తినాలి. ఆవిడ తిన్నాక దుర్వాసుడు శిష్యులతో వచ్చినందుకే కదా అంత గొడవ జరిగింది.

ఈ కథ వందసార్లు విన్నాను. ఈమధ్య మా చిన్నదానికి చెబుతుంటే అది ఠక్కున, "మరి ద్రౌపదికి ముందు ఆకలేస్తేనో?" అంది. సూర్యుడంతటి వాడు దిగివచ్చి అంత అద్భుతమైన వస్తువు ఇచ్చినా, ఇంటి ఇల్లాలు చివర తినాలన్న పద్ధతి మాత్రం మారలేదన్న మాట! అద్భుతాన్ని ఊహించడం తేలికే, వంటింటి రివాజుని మార్చి ఊహించడమే కష్టం. ఈ దృష్టితో చదవడం మొదలుపెట్టాక నాకు ప్రతి ఫాంటసీలోనూ ముందు వంటిల్లు ఎక్కడుందా అని వెతకడం అలవాటైపోయింది. ఆకాశంలో ఎగిరే నౌకలో అయినా సరే, అన్నం ఎవరు వండుతున్నారు? గిన్నెలు ఎవరు తోముతున్నారు?

నూటపాతికేళ్ళకి దగ్గర పడుతున్న కల

ఆ ప్రశ్నకి తిన్నగా జవాబిచ్చిన కథ ఒకటుంది. అది ఏ అమెరికాలోనో అచ్చు కాలేదు. 1905లో మద్రాసు నుంచి వెలువడే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో అచ్చయింది. ఆ పత్రికని 1901లో స్థాపించి నడిపినావిడ కమలా సత్యనాథన్, తెలుగింట పుట్టిన ఆడపడుచు. అంటే మనలాంటి ఆడవాళ్ళ కోసం, ఒక ఆడమనిషి సంపాదకత్వంలో వచ్చిన పేజీల్లోనే మన దేశపు తొలి సైన్స్ ఫిక్షన్ కథల్లో ఒకటి వెలుగు చూసిందన్న మాట. మనకిది కొత్త వ్యవహారం కాదు!

ఆ కథ పేరు 'సుల్తానాస్ డ్రీమ్'. రాసింది రోకియా సఖావత్ హుస్సేన్. ఇప్పటి బంగ్లాదేశ్‌లోని రంగపూర్ ప్రాంతంలో 1880లో పుట్టింది. ఆడపిల్లలకి ఇంగ్లీషు, బెంగాలీ నేర్పని ఇల్లు. అన్నగారు రాత్రిళ్ళు అందరూ నిద్రపోయాక చాటుగా నేర్పాడట. భర్త డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆయన క్యాంపుకి వెళ్ళినప్పుడు పొద్దు పోక ఇంగ్లీషులో ఈ కథ రాసింది. ఆయన తిరిగొచ్చి, నిలబడి ఉన్నపళంగా చదివేసి, "ఎంత ఘోరమైన పగ తీర్చుకున్నావు!" అన్నాడని చెబుతారు.

ఏమిటా పగ? సుల్తానా అనే ఆవిడ వాలుకుర్చీలో కునుకు తీస్తుంది. కలలో ఒక స్త్రీల రాజ్యానికి వెళుతుంది. అక్కడ మగవాళ్ళంతా ఇంట్లో, పర్దాలో ఉంటారు. ఆడవాళ్ళు బయట తిరుగుతూ రాజ్యం నడుపుతారు. ఆఫీసు పని రోజుకి రెండు గంటలే. ఎందుకంటే మగవాళ్ళలాగా సగం రోజు చుట్టలు కాల్చుకుంటూ కూర్చోరు కాబట్టి! వంటింట్లో పొయ్యి లేదు, పొగ లేదు, బొగ్గు లేదు. సూర్యుడి వేడిని పట్టి నిలవచేసి దానితో వండుతారు. ఆడవాళ్ళ విశ్వవిద్యాలయాలు రెండున్నాయి. ఒకటి ఆకాశంలో పెద్ద బెలూన్ కట్టి గొట్టాలతో మబ్బుల్లోంచి నీళ్ళు లాగుతుంది. రెండోది సూర్యుడి వేడిని దాస్తుంది. శత్రువులు దండెత్తి వస్తే ఆ వేడినే వాళ్ళ మీదకి మళ్ళించి తరిమేస్తారు. ఆడపిల్లకి 21 ఏళ్ళు నిండకుండా పెళ్ళి చేయకూడదని రాణిగారి శాసనం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి లెక్క వేయండి. 1905లో ఈవిడ 21 అంది. 1929లో వచ్చిన శారదా చట్టం ఆడపిల్లకి పెట్టిన వయసు 14. అది 18 కావడానికి 1978 దాకా పట్టింది. 21 చేద్దామంటూ 2021 డిసెంబరులో లోక్‌సభలో బిల్లు పెట్టారు, కానీ అది చట్టం కాకుండానే ఆ లోక్‌సభ గడువు ముగిసింది. పొగలేని వంటిల్లు సంగతీ అంతే. మన రాష్ట్రంలో పేదింటి ఆడవాళ్ళకి గ్యాసు కనెక్షన్లిచ్చే 'దీపం' పథకం వచ్చింది 1999లో. అంటే ఆవిడ కల కన్న 94 ఏళ్ళకి! మా అమ్మమ్మ ఊదురుగొట్టంతో పొయ్యి ఊది ఊది కళ్ళు మసకలు చేసుకుంది. ఆవిడ పుట్టకముందే ఒక ఆడమనిషి పొగలేని వంటిల్లు కాగితం మీద కట్టేసిందని తెలిస్తే ఏమనేదో!

లేనిపోనిది అంటే ఇదేనా? నాకైతే ఇది ఉండాల్సినది అనిపిస్తుంది.

మా గల్లీలో సుల్తానా

ఈ కథని నేనొక్కదాన్నే చదువుకొని ఊరుకోలేకపోయాను. మా పక్కింటి ఆపా గోడ అవతల నుంచి "క్యా పఢ్‌రే జీ?" అని ఎప్పుడూ అడుగుతుంది. ఆవిడకి ఉర్దూ చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. వాళ్ళ రెండో అమ్మాయి అప్పుడే పదో తరగతి పాసైంది. ఇంటర్‌కి పంపాలా, ఇంట్లో ఉంచాలా అని ఇంట్లో మాట నడుస్తోంది. కాలేజీ దూరం, ఆటోకి నెలకి బోలెడు ఖర్చు, మరి రోజులా బాగాలేవు. తప్పుపట్టడానికేముంది? మా పుట్టింటి వైపు కూడా ఇదే మాట చెప్పి నా పినతల్లి కూతుర్ని పదితోనే ఆపేశారు. మతమేదైనా ఆడపిల్ల చదువు దగ్గరికొచ్చేసరికి బస్సు ఛార్జీ లెక్క అందరికీ ఒక్కటే.

మూడు మధ్యాహ్నాలు వాళ్ళింట్లో కూర్చుని, నాకొచ్చిన హిందీలో, ఆవిడకొచ్చిన తెలుగులో ఆ కథ చెప్పాను. మగవాళ్ళు పర్దాలో ఉంటారనగానే ఆపా నవ్వి నవ్వి దుపట్టాతో కళ్ళు తుడుచుకుంది. మా ఇంటాయన్ని కూర్చోబెడితే రోజుకి ఇరవైసార్లు చాయ్ అడుగుతాడు, ఎవరు పెట్టాలి అంది. మబ్బుల్లోంచి నీళ్ళు లాగే బెలూన్ దగ్గర మాత్రం నవ్వలేదు. పక్కనే అంత పెద్ద జల్‌పల్లి చెరువు ఉండి కూడా ట్యాంకర్ కోసం బిందెలు వరసపెట్టే వాళ్ళం కదా మేం! ఆ బెలూన్ మాకొకటి కావాలంది.

చివరికి ఆవిడ అన్నమాట నాకు బాగా గుర్తుండిపోయింది. "కథ బాగుంది. కానీ వాళ్ళని లోపల పెట్టి తాళం వేస్తే మనకేం లాభం? ఇవాళ మనం, రేపు వాళ్ళు, తాళం అయితే అట్లనే ఉంది గదా!" ఎంత పెద్ద విమర్శకులైనా ఇంతకన్నా బాగా చెప్పగలరా? రోకియా కూడా తాళం ఉండాలని రాయలేదనుకుంటాను. అద్దంలో కుడి ఎడమైనట్టు, లోకాన్ని తిప్పి చూపించింది. తిప్పి చూస్తే గానీ కొన్ని సంగతులు కంటికి ఆనవు.

ఆ పిల్ల ఇంటర్‌లో చేరింది. కథ వల్లే చేరిందని నేను గొప్పలు చెప్పుకోను. దాని మేనమామ గట్టిగా నిలబడ్డాడు. ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేకపోవడం అన్నింటికన్నా ఎక్కువ కలిసొచ్చింది. మన తెలంగాణలో ఆ పథకం 2023 డిసెంబరు 9న మొదలైంది. రోకియా కన్నుమూసింది కూడా డిసెంబరు 9నే, 1932లో. ఇది కాకతాళీయమే, కానీ ఆ సంగతి ఆ పిల్లకి చెబితే దాని మొహం వెలిగిపోయింది. రోకియా ఊరికే కలలు కని కూర్చోలేదని, 1911లో కలకత్తాలో ముస్లిం ఆడపిల్లల కోసం బడి పెట్టి, ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పంపమని బతిమాలిందని కూడా చెప్పాను.

ఆవిడ గ్రహమైపోయింది!

వందనా సింగ్ అని ఢిల్లీలో పుట్టి పెరిగిన రచయిత్రి ఉన్నారు. అమెరికాలో ఫిజిక్స్ పాఠాలు చెప్పారు. 2008లో ఆవిడ కథల సంపుటి వచ్చింది. తానొక గ్రహాన్ననుకున్న స్త్రీ అని దాని పేరు. ఆ పేరుతో ఉన్న కథలో రామ్‌నాథ్ మిశ్రా అనే రిటైరైన పెద్ద ఆఫీసరుగారి భార్య కమల ఒకరోజు, "నాకు ఇప్పటికి తెలిసింది, నేనొక గ్రహాన్ని" అంటుంది. భర్తగారికి మొదట వచ్చే ఆలోచన ఏమిటి? నలుగురూ ఏమనుకుంటారో అని! ఆవిడ ఒంటి మీద చిన్న చిన్న జీవులు పుడుతుంటాయి. అంత మారిపోతున్నా ఆయనకి పరువు గురించే బెంగ. చివరికి ఆవిడ చీర విప్పేసి ఆకాశంలోకి తేలిపోతుంది.

పిచ్చి కథ అనిపిస్తోందా? నాక్కూడా ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఇంట్లో ఉన్న ఆడమనిషి గ్రహం కాక మరేమిటి అనిపించింది. అందరూ ఆవిడ మీదే నివసిస్తారు. అందరి కాలాలూ ఆవిడ చుట్టే తిరుగుతాయి. కానీ కాళ్ళ కింద నేల ఉందని ఎవరైనా రోజూ గమనిస్తారా? భూకంపం వస్తే తప్ప!

కడుపు ఎవరికైనా రావచ్చు

ఉర్సులా లెగ్విన్ అనే అమెరికా రచయిత్రి 1969లో 'ద లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్' అనే నవల రాసింది. గెథెన్ అనే మంచు గ్రహం. అక్కడ మనుషులు నెలలో ఎక్కువ రోజులు ఆడా కాదు, మగా కాదు. ఆ కొద్ది రోజుల్లో ఎవరైనా ఏదైనా కావచ్చు. ఒక బిడ్డకి తల్లి అయిన మనిషే మరో బిడ్డకి తండ్రి కావచ్చు. ఆ దేశపు రాజుగారికే కడుపొస్తుంది! ఆ రోజుల్లో ఎవరికైనా పని నుంచి సెలవు మామూలే.

కథ నడక కాస్త నెమ్మది, మొదటి యాభై పేజీలు ఓపిక పట్టాలి. కానీ దాన్ని చదివాక ఒక ఆలోచన వదలదు. పురుడు ఎవరికైనా రావచ్చంటే ఆస్పత్రులు ఇలాగే ఉంటాయా? ఉద్యోగానికి ఇంటర్వ్యూలో "పెళ్ళయిందా, పిల్లలున్నారా?" అని ఎవర్ని అడుగుతారు? "ఆడదాని బుద్ధి", "మగాడి పౌరుషం" లాంటి మాటలు అక్కడి భాషలో పుట్టవే! భూమ్మీది కథ ఎంత వాస్తవంగా రాసినా ఇంత సూటిగా ఈ ప్రశ్న వేయలేదు.

కాలయంత్రం ఏ వీధిలో ఆగాలి?

'ఆదిత్య 369' (1991) చూడని తెలుగువాళ్ళుండరు. సింగీతం శ్రీనివాసరావు గారి ఆ సినిమా చూసి మనమంతా కృష్ణదేవరాయల కొలువుకి వెళ్ళొచ్చాం. చిన్నప్పుడు నాకూ ఆ యంత్రమెక్కి విజయనగరం చూడాలనిపించేది. ఆక్టేవియా బట్లర్ 1979లో రాసిన 'కిండ్రెడ్' చదివాక ఆ కోరిక మీద రెండో ఆలోచన వచ్చింది.

ఆ నవలలో డేనా అనే నల్లజాతి యువతి రచయిత్రి. 1976లో కాలిఫోర్నియాలో కొత్తింట్లో సామాన్లు సర్దుకుంటూ ఉంటుంది. ఉన్నట్టుండి కళ్ళు తిరిగి పందొమ్మిదో శతాబ్దపు తొలి రోజుల మేరీలాండ్‌లో తేలుతుంది. అక్కడ నల్లవాళ్ళు బానిసలు. ఆమె చదువు, ఆమె ఉద్యోగం, ఆమె భాష ఏవీ అక్కడ పనికిరావు, పైగా ప్రాణం మీదకి తెస్తాయి. ఇంకా ఘోరమేమిటంటే, ఆమె పదే పదే కాపాడాల్సిన తెల్ల కుర్రవాడు పెద్దయి బానిసల యజమాని అవుతాడు. వాడే ఆమె వంశానికి మూలపురుషుడు కూడా! వాణ్ణి చావనిస్తే తను పుట్టదు. ఈ పీటముడి విప్పుతూ నవల నడుస్తుంది. రాత్రి పదింటికి మొదలుపెట్టి తెల్లవారుజామున దించాను.

మగవాడికి కాలయంత్రం విహారయాత్ర. ఆడమనిషికి, అణగారిన కులాలవాళ్ళకి, అది ఏ కాలంలో, ఏ వీధిలో ఆగుతుందన్నది చావుబతుకుల ప్రశ్న. కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. అంతకి ఒక ఏడాది ముందు దిగిన ఆడపిల్ల గతేమిటి? "పాతకాలమే బాగుండేది" అని ఎవరైనా నిట్టూర్చినప్పుడల్లా నాకిప్పుడు డేనా గుర్తొస్తుంది. బాగుండేది సరే, ఎవరికి?

ఆడవాళ్ళు లేని దేశం

భవిష్యత్తులోకి వెళ్ళినా భయమే ఎదురవుతుందని చెప్పే నవల మంజులా పద్మనాభన్ 2008లో రాసిన 'ఎస్కేప్'. ఒక దేశంలో ఆడవాళ్ళని మొత్తం తుడిచిపెట్టేశారు. మిగిలింది మీజీ అనే ఒక్క పిల్ల. ముగ్గురు బాబాయిలు ఆ పిల్లని దాచి పెంచుతారు. వయసు రాకుండా మందులిచ్చి ఆపుతారు. చివరికి చిన్న బాబాయి ఆ పిల్లకి అబ్బాయి వేషం వేసి దేశం దాటించడానికి బయలుదేరతాడు. తనలాంటి మనిషిని మరొకరిని ఎన్నడూ చూడని పిల్ల తన ఒంట్లో వచ్చే మార్పుల్ని ఎలా అర్థం చేసుకుంటుంది? చదువుతుంటే కడుపులో దేవినట్టవుతుంది.

ఇది మరీ అతి అని పుస్తకం మూసేయబోయాను. కానీ ఆరేళ్ళలోపు పిల్లల్లో ప్రతి వెయ్యి మంది మగపిల్లలకి ఆడపిల్లలు 2001 జనాభా లెక్కల్లో 927 మంది. 2011కి వచ్చేసరికి అది 920కి లోపే. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పకూడదని 1994లోనే చట్టం వచ్చినా ఇదీ పరిస్థితి. మంజుల ఊహించింది ఏమీ లేదు. ఆ అంకెల గీతని ఇంకొంచెం ముందుకి పొడిగించింది, అంతే.

భయపెట్టే కథ, ప్రశ్నించే కథ

ఇంతవరకూ పొగిడాను కాబట్టి ఒక పేచీ కూడా చెప్పాలి. మన తెలుగులో నమ్మశక్యం కానివి రాయలేదని కాదు. 1980లలో యండమూరి 'తులసిదళం' చదివి రాత్రిళ్ళు బాత్‌రూంకి తోడు అడగని ఇల్లుందా? ఒక పసిపిల్ల మీద చేతబడి, దాన్ని ఎదుర్కొనే మనుషులు... కథ నడపడంలో ఆయనకి సాటి లేరు. ఆ ఊపులో చేతబడి నవలలు వెల్లువలా వచ్చాయి. అద్దె పుస్తకాల షాపుల్లో వాటికి వరస కట్టేవాళ్ళు. నేనూ కట్టాను.

కానీ మన తెలంగాణ పల్లెల్లో బాణామతి పేరు చెప్పి మనుషుల్ని కొట్టిన, చంపిన వార్తలు ఎన్నిసార్లు చదవలేదు! ఆ నింద పడేది ఎక్కువగా ఎవరి మీద? ఒంటరి ముసలమ్మ మీద, దిక్కులేని పేదవాళ్ళ మీద. ఆ దుర్మార్గానికి నవలలే కారణమని నేననను. నవలలు చదవని ఊళ్ళలోనూ అది జరుగుతుంది. కాకపోతే అప్పటికే ఉన్న భయానికి ఇంకాస్త నూనె పోసే ఊహ ఒకటి, ఆ భయం ఎక్కణ్ణించి వచ్చిందని అడిగే ఊహ ఒకటి. రెండూ ఫాంటసీలే. నా మధ్యాహ్నపు గంట నేను రెండోదానికే ఇస్తాను.

రెండోరకం మన దగ్గర లేదనుకోకండి. విశ్వనాథ సత్యనారాయణ గారి 'హాహాహూహూ' చదివారా? గుర్రం తలకాయ ఉన్న గంధర్వుడొకడు లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు! వాడు మాట్లాడేది సంస్కృతం. ఇంగ్లీషువాళ్ళు వాణ్ణి బోనులో పెట్టి పరీక్షలు చేస్తారు. వాడి దృష్టిలో వింత జంతువులు వీళ్ళు! చిన్న పుస్తకం, ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. వెల్చేరు నారాయణరావు గారి ఇంగ్లీషు అనువాదం 2018లో వచ్చాక కొత్తతరం కూడా చదువుతోంది. ఆచారాల విషయంలో విశ్వనాథ వారితో నాకు చాలా తగువులున్నాయి. ఊహ విషయంలో మాత్రం నమస్కారం.

మొదలుపెట్టింది కూడా మనమే

చివరగా ఒక మాట. ఈ సైన్స్ ఫిక్షన్ అనే చెట్టుకి తొలి విత్తనం వేసింది పద్దెనిమిదేళ్ళ అమ్మాయి అంటారు చాలామంది విమర్శకులు. 1816లో జెనీవా సరస్సు పక్కన వానలకి ఇంట్లోంచి కదల్లేక, స్నేహితులంతా తలా ఒక దయ్యం కథ రాయాలని పందెం వేసుకున్నారు. అంతకు ముందేడు తంబోరా అగ్నిపర్వతం పేలి, ఆ ధూళి వల్ల యూరప్‌లో ఆ ఏడు వేసవే రాలేదు. అప్పుడు మేరీ షెల్లీ మొదలుపెట్టిందే 'ఫ్రాంకెన్‌స్టైన్'. 1818లో అచ్చయినప్పుడు పుస్తకం మీద ఆమె పేరు లేదు. ముందుమాట భర్త రాయడంతో నవల కూడా ఆయనదే అనుకున్నారు చాలామంది!

అది దయ్యం కథ అని నేనూ చాలాకాలం ముట్టుకోలేదు. తీరా చూస్తే అది పెంపకం కథ. ఒక సైంటిస్టు ప్రాణం పోసి, పుట్టిన బిడ్డ మొహం చూసి అసహ్యపడి వదిలేసి పారిపోతాడు. వాడు రాక్షసుడుగా పుట్టలేదు, ఎవరూ ఎత్తుకోక రాక్షసుడయ్యాడు. మేరీని కన్న కొద్దిరోజులకే తల్లి చనిపోయింది. మేరీ తొలి బిడ్డ నెల తిరక్కుండానే పోయింది. ప్రాణం పోయడమంటే ఏమిటో, పోయి ఊరుకుంటే ఏమవుతుందో ఆమె కాక ఎవరు రాస్తారు?

ఆమధ్య నేనొక కథ రాశాను. అందులో ఒక ఊళ్ళో ఆడవాళ్ళు చేసే పనంతా రాత్రికి రాత్రి కంటికి కనబడటం మొదలవుతుంది. ఊడ్చిన ప్రతి చీపురుగీత, తోమిన ప్రతి గిన్నె నీడలా ఇంట్లో పేరుకుపోతుంటుంది. వారానికి మనుషులకి నడిచే చోటుండదు. "మా పాఠకురాళ్ళు ఇలాంటివి చదవరు, కుటుంబ కథలుంటే పంపండి" అని ఒక పత్రిక వాళ్ళు తిప్పి పంపారు. ఇంతకన్నా కుటుంబ కథ ఏముంటుందో నాకర్థం కాలేదు! పాఠకురాళ్ళు ఏం చదువుతారో చెప్పాల్సింది మీరు. చదివేవాళ్ళున్నారని తెలిస్తే రాసేవాళ్ళు పుడతారు, వేసేవాళ్ళూ పుడతారు.

మొదలుపెట్టాలనుకునే వాళ్ళకి నా సలహా ఒకటే. ముందు 'సుల్తానాస్ డ్రీమ్' చదవండి. ఒక గంట చాలు, ఇంగ్లీషు కూడా సులువే. పిల్లలుంటే వాళ్ళకి తెలుగులో చెప్పండి. తర్వాత 'హాహాహూహూ'. ఆ రెండూ నచ్చితే 'కిండ్రెడ్'. లెగ్విన్‌ని సెలవుల కోసం దాచుకోండి. పుస్తకాలు కొనలేకపోతే ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కి వెళ్ళండి. బేరమాడటం మనకి ఒకరు నేర్పాలా?

మా అత్తయ్యకి మాత్రం జవాబు చెప్పాను. "లేనిపోనివి చదివితే, ఉన్నవి ఎందుకిట్లా ఉన్నాయని అడగడం వస్తది అత్తయ్యా" అన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుంది. ఆ తర్వాత, "అయితే ఆ పొగలేని పొయ్యి కథ నాకూ చెప్పు" అంది. ఇప్పుడు మధ్యాహ్నం గంటలో మేమిద్దరం.